రచన పంపడం నేర్చుకోవడమంటే

రచన ఎలా పంపాలన్న ప్రశ్నను కవరుకూ చిరునామాకూ సంబంధించిన విషయంగా మాత్రమే చూడడం పొరపాటు. అది రచయితకూ పత్రికకూ మధ్య ఉండే సంబంధానికి చెందిన ప్రశ్న. 1924లో మొదలై 1991లో ఆగిన 'భారతి', 1966లో వరంగల్లులో మొదలై 1992 దాకా నడిచిన 'సృజన' ఒకే రకం పత్రికలు కావు. 'సృజన' అల్లం రాజయ్య కథల్ని అచ్చువేసిందంటే వాటిలోని రైతాంగ జీవితం ఆ పత్రిక దృక్పథంతో కలిసింది కనుకనే. కాబట్టి పంపేముందు ఆ పత్రిక సంచికలు నాలుగైదయినా చదవాలి.

మిగిలిన నియమాలు కష్టమైనవి కావు. ఒకప్పుడు కాగితానికి ఒకవైపే రాసి, తిరుగుటపాకు స్టాంపులు జతచేసేవాళ్ళం. ఇవాళ యూనికోడ్‌లో టైపు చేసి ఈమెయిల్ చేస్తున్నాం. సొంత రచనేననీ, మరెక్కడా అచ్చుకాలేదనీ హామీ అప్పుడూ ఇప్పుడూ తప్పదు. ఒకే రచనను ఒకేసారి రెండు పత్రికలకు పంపకూడదు. నకలు దగ్గరుంచుకోవాలి.

అసలు సమస్య వేరు. దుమ్ముగూడెం ప్రాంతపు కోయ విద్యార్థి కథ రాస్తే, అచ్చు కావాలన్న ఆతృతలో ఇంటిమాట తీసేసి పాఠ్యపుస్తకపు తెలుగు పెట్టే ప్రమాదముంది. 'తునికాకు కల్లం' 'సేకరణ కేంద్రం' అవుతుంది. 'పోడు' 'సాగుభూమి'గా మారేసరికి అటవీశాఖతో ఉన్న తగాదా కథలోంచి మాయమవుతుంది. అక్షరదోషం దిద్దుకోవడం క్రమశిక్షణ. జీవితాన్ని దిద్దుకోవడం లొంగుబాటు. కొత్తవాళ్ళకు చిరునామాలతోపాటు ఈ తేడా కూడా చెప్పాలి.

సంపాదకులకూ బాధ్యత ఉంది. కథను తిప్పి పంపేటప్పుడు కారణం రెండు వాక్యాల్లో రాయాలి. ఆ రెండు వాక్యాలు లేకపోతే అడవి అంచు నుంచి రెండో కథ రాకపోవచ్చు.