చిన్న బృందమా, చిన్న ఉపన్యాసమా? : వైద్యవిద్యలో సహకార బోధన

వైద్యవిద్యలో చిన్నబృంద బోధనను తలల లెక్కతో కొలవడం మనకు అలవాటైంది. ఎం.బి.బి.ఎస్.కు 2019లో వచ్చిన సామర్థ్యాధారిత పాఠ్యప్రణాళిక, ఉపన్యాసాలు బోధనాకాలంలో మూడోవంతు మించరాదని నిర్దేశించింది. అయితే ఇరవైమందిని కూర్చోబెట్టి, అధ్యాపకుడే ప్రశ్న వేసి, ఒకరిద్దరు చురుకైనవారి సమాధానంతో ముగించే ట్యుటోరియల్ కూడా చిన్న ఉపన్యాసమే.

సహకార అభ్యసనం దీనికి భిన్నమైనది. ఇలియట్ ఆరన్సన్ 1971లో అమెరికాలోని ఆస్టిన్ నగర పాఠశాలల్లో ప్రవేశపెట్టిన ‘జిగ్‌సా’ పద్ధతిలో పాఠం ముక్కలవుతుంది. ఒక్కో ముక్కకు ఒక్కో విద్యార్థి బాధ్యుడవుతాడు. తోటివాడు చెప్పనిదే తనకు పాఠం పూర్తికాదు.

అద్దంకి పరిసరాల పత్తి, మిరప చేలకు సంబంధించిన పాఠాన్నే తీసుకుందాం: ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందుల విషప్రభావం. నలుగురిలో ఒకరు లక్షణాలు చదువుతారు: కుంచించుకుపోయిన కనుపాప, చొంగ, చెమట, మందగించిన గుండె. రెండవవారిది అట్రోపిన్ చికిత్స. ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య కండరాలు బలహీనపడి శ్వాస ఆగిపోయే దశ మూడవవారి వంతు. మందు తడిసిన బట్టలు తీయించి ఒళ్లు కడిగించడం, పిచికారీ చేసిన తీరును విచారించడం నాలుగవవారి పని. అట్రోపిన్‌తో తేరుకున్న రోగిని ఇంటికి పంపవచ్చునని రెండవ విద్యార్థి అనుకుంటే, మూడవ విద్యార్థి అడ్డుచెప్పాలి. పరస్పరాధారం అంటే ఇదే. సంప్రదాయ ట్యుటోరియల్లో ఈ హెచ్చరిక అధ్యాపకుని నోట ఒక వాక్యంగా దొర్లిపోతుంది.

తెలుగు మాధ్యమంలో చదివివచ్చిన విద్యార్థికి మరో మేలు ఉంది. అధ్యాపకుని ముందు ఇంగ్లీషుకు జంకి మౌనం వహించేవాడు తోటివారికి తెలుగు కలిపి వివరించగలడు. రేపు రైతును ప్రశ్నించవలసిందీ ఆ భాషలోనే కదా!

అంతమాత్రాన జిగ్‌సాను నెత్తిన పెట్టుకోనక్కరలేదు. అట్రోపిన్ మాత్రమే తెలిసినవాడు అర్ధరాత్రి అత్యవసర విభాగంలో ఒంటరిగా నిలిస్తే, అతని ముక్క రోగిని కాపాడదు. అందుకే డేవిడ్, రోజర్ జాన్సన్ సోదరులు పరస్పరాధారంతోపాటు వ్యక్తిగత జవాబుదారీతనాన్నీ సహకార అభ్యసనానికి ఆవశ్యక లక్షణంగా చెప్పారు.

ఈ రెండు పద్ధతులను తరగతి ముగిసిన వెంటనే పెట్టే బహుళైచ్ఛిక పరీక్ష మార్కులతోనే పోల్చడం నాకు సమ్మతం కాదు. ఆ పరీక్ష తాజా జ్ఞాపకాన్ని పట్టుకుంటుంది గాని, సహాధ్యాయి పొరపాటును సవరించే నేర్పును కొలవలేదు. కొన్ని వారాల తరువాత ప్రతి విద్యార్థినీ తాను చదవని ముక్కపై, రోగి వృత్తాంతం ముందుంచి, మౌఖికంగా పరీక్షించాలి. అట్రోపిన్ చదివినవాణ్ణి మూడవనాటి శ్వాస గురించి అడగాలి.