కోడిపందెం వెనకాల పాచికలు

ఒకే రచయితలు రాసిన రెండు టీవీ సీరియళ్లు వరసగా చూసేవాళ్లకు ఒక సరదా ఉంటుంది. ఇందులో అత్తగారు అన్న మాట అందులో మామగారు అన్నదేనని ఠక్కున పట్టేస్తారు, పక్కనున్నవాళ్లకు చెప్పి మురిసిపోతారు. తెలుగువాళ్లకు ఈ సరదా టీవీతో రాలేదు. పల్నాట్లో వీరుల కథ వినేవాళ్లు శతాబ్దాలుగా అదే పని చేస్తున్నారు. పాడేది మాచర్ల, గురజాల సంగతి. లోపల వినిపించేది భారతం.

పైపై పోలికలు బడిపిల్లలకూ తెలుసు. పన్నెండో శతాబ్దం చివర, 1180 ప్రాంతంలో జరిగిన దాయాదుల పోరు ఇది. గురజాలలో నలగామరాజు, మాచర్లలో మలిదేవరాజు. ఇద్దరికీ తండ్రి అనుగురాజే, తల్లులు వేరు. పందెంలో ఓడినవాళ్లు రాజ్యం వదిలి అడవి పట్టారు. గడువు తీరాక తమ పాలు తమకిమ్మని రాయబారిని పంపారు. రాయబారం చెడింది. నాగులేటి ఒడ్డున కారెంపూడిలో కత్తులు దూశారు. మాచర్ల మంత్రి బ్రహ్మనాయుడు కృష్ణుడట, గురజాల మంత్రి నాయకురాలు నాగమ్మ శకుని అట, బ్రహ్మనాయుడి కొడుకు బాలచంద్రుడు అభిమన్యుడట. నలగాముణ్ని చాలామంది దుర్యోధనుడంటారు గానీ నాకు ధృతరాష్ట్రుడిలాగే కనిపిస్తాడు. దుర్యోధనుడి పాత్రకు అతని తమ్ముడు నరసింగరాజు సరిగ్గా సరిపోతాడు. కారెంపూడికి ‘ఆంధ్ర కురుక్షేత్రం’ అని బిరుదిచ్చి అక్కడితో సరిపెట్టుకుంటాం.

అక్కడితో సరిపెట్టుకుంటే పాడేవాళ్లకు అన్యాయం చేసినట్టే. ఈ కథను తరతరాలుగా మోసుకొస్తున్నవాళ్లు వీరవిద్యావంతులు. పంబ మోగుతుంటే, వంతలు అందుకుంటుంటే, రాత్రిళ్లు పాడతారు. వినేవాడికి భారతం వచ్చన్నది వాళ్ల ధీమా. అందుకే భారతంలో ఫలానా చోట ఏం జరిగిందో విప్పి చెప్పాల్సిన పని లేదు. వినేవాడు తనంతట తాను ‘ఇక ఇలా జరుగుతుంది’ అనుకుంటాడు. సరిగ్గా అక్కడ కథను ఇంకో దారి పట్టిస్తారు. ఆ మలుపుల్లోనే పల్నాడు తన మాట తాను చెప్పుకుంది.

కోడిపందెమే చూడండి. హస్తినలో పాచికలు పడ్డ రోజున కృష్ణుడు అక్కడ లేడు. సాల్వుడితో యుద్ధంలో ఉన్నాడు. తర్వాత అరణ్యంలో పాండవుల్ని కలిసినప్పుడు ఆ మాట తనే చెప్పాడు: దగ్గరుంటే ఆ జూదం జరగనిచ్చేవాణ్ని కానని. భారతం చదివిన ప్రతివాడికీ ఆ ‘ఉండి ఉంటే’ అనేది మనసులో ముల్లులా ఉండిపోతుంది. పల్నాటి కథకులు ఆ ముల్లునే పట్టుకున్నారు. ఇక్కడ కృష్ణుడు సభలోనే ఉన్నాడు. ఉండడమేమిటి, పందెం కట్టిందే ఆయన. బ్రహ్మనాయుడి పుంజు చిట్టిమల్లు, నాగమ్మ పుంజు శివంగిడేగ. చిట్టిమల్లు మొదట గెలిచింది. చివరికి నాగమ్మ మాయోపాయంతో ఓడిపోయింది. బ్రహ్మనాయుడి మాట మీద మలిదేవుడు ఏడేళ్లు రాజ్యం వదిలి వెళ్లాల్సొచ్చింది. దేవుడంతటివాడు దగ్గరుండి కూడా ఓడిపోయాడు. ధర్మరాజును జూదవ్యసనం పేరుతో తప్పుపట్టవచ్చు. మలిదేవుణ్ని ఏమనగలం? అతను పుంజును చేత్తో తాకను కూడా లేదు. ఇద్దరు మంత్రుల పంతానికి ఇద్దరు రాజులు బలైన కథ ఇది. ఈ సంగతి చెప్పడానికి పాచికల కన్నా పుంజులే బాగా పనికొచ్చాయి. బరిలో కొట్టుకునేవి వేరు, కొట్టించేవాళ్లు వేరు.

శకుని స్థానంలో ఆడమనిషిని నిలబెట్టడం కూడా మామూలు మార్పు కాదు. శకుని చాటుమాటు మనిషి, మేనల్లుడి చెవిలో ఊదేవాడు. నాగమ్మ మంత్రి పదవిలో కూర్చుని, నలుగురి ఎదుటా బ్రహ్మనాయుడికి ఎదురు నిలిచింది, తర్వాత యుద్ధానికీ నిలిచింది. ఆమెను కుటిలురాలనే కథే ఆమె ధైర్యాన్ని ఎక్కడా తక్కువ చేయలేదు.

వనవాసంలో ఇంకో తిరకాసుంది. పల్నాటివాళ్లకు అజ్ఞాతవాసం లేదు. పరివారంతో, ఆలమందలతో బాహాటంగా మండాది చేరారు. విరాటపర్వంలోని గోగ్రహణం ఇక్కడికీ వచ్చింది, నాగమ్మ పంపిన మనుషులు మందల మీద పడ్డారు. గోగ్రహణమనగానే మనకు ఉత్తరుడి బీరాలు, బృహన్నల రథం, కౌరవుల తలపాగాలు గుర్తొచ్చి నవ్వొస్తుంది. ఇక్కడ నవ్వడానికేమీ లేదు. మందను కాపాడబోయిన లంకన్న చచ్చిపోయాడు. భారతంలో ఆలకాపరులు కబురు మోసుకొచ్చేవాళ్లు, పోరాడేది అర్జునుడు. పల్నాట్లో ఆలకాపరే వీరుడు. మెట్ట పొలాలూ గొడ్డూగోదా బతుకుతెరువైన సీమలో వినేవాళ్లెవరో పాడేవాళ్లకు తెలుసు.

రాయబారం దగ్గర దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. కురుసభలో కృష్ణుణ్ని కట్టేయబోతే విశ్వరూపం చూపించి వెళ్లిపోయాడు. రాయబారికి ఏమీ కాదన్న నమ్మకంతోనే ఆ ఘట్టం వింటాం. మాచర్ల తరఫున గురజాల వెళ్లిన అలరాజు స్వయానా నలగామరాజు అల్లుడు, పేరిందేవి మగడు. చూపించడానికి అతనికి విశ్వరూపం లేదు. తిరుగుదారిలో చర్లగుడిపాడు దగ్గర విషం పెట్టి చంపారు. పేరిందేవి భర్తతో పాటే అగ్నిలోకి వెళ్లింది. భారతంలో యుద్ధానికి మూలం నిండుసభలో ద్రౌపదికి జరిగిన పరాభవం. ఇక్కడ శత్రురాజు కడుపున పుట్టిన బిడ్డ పుట్టింటివాళ్ల చేతుల్లోనే మగణ్ని పోగొట్టుకుంది. ఇక ఏ పక్షం న్యాయమైంది అని తేల్చడం కష్టం. ఎటు చూసినా ఏడ్చే ఇల్లు ఒక్కటే.

బాలచంద్రుడి కథ వీటన్నిటిలోకీ పెద్దది, శ్రీనాథుడి పేరుతో మనకు మిగిలిందీ అదే. అభిమన్యుణ్ని పెద్దలే పద్మవ్యూహంలోకి పంపారు. బాలచంద్రుణ్ని పెద్దలు పోనివ్వలేదు. యుద్ధం కబురు చెవినపడకుండా తల్లి ఐతమ్మ కాపాడుకుంటూ వచ్చింది. అభిమన్యుడు వ్యూహరహస్యం తల్లి కడుపులో ఉండగా విన్నాడు. ఇతను యుద్ధం సంగతి వీధిలో తిట్టు రూపంలో విన్నాడు. బొంగరాలాడుతుంటే బొంగరం ఎగిరి ఒక స్త్రీ కాలికి తగిలింది. నీ వాళ్లంతా కారెంపూడిలో ప్రాణాలకు తెగించి ఉంటే నీకు బొంగరాలాటా అని ఆమె ఎత్తిపొడిచింది. అక్కడి నుంచి ఆ కుర్రాణ్ని ఎవరూ ఆపలేకపోయారు. భార్య మాంచాల ఇంటికి సెలవు తీసుకోవడానికి వెళ్లాడు. ఆమె కన్నీళ్లతో కాళ్లకు అడ్డం పడలేదు, చేతికి కత్తినిచ్చి పంపింది. కారెంపూడిలో బ్రహ్మనాయుడు సంధి వైపు మొగ్గుతుంటే కొడుకు ఎదురు తిరిగి యుద్ధమే కావాలన్నాడు. కృష్ణుడు అర్జునుడికి నచ్చజెప్పి యుద్ధం చేయించిన చోట, ఈ కృష్ణుడి మాటను కన్నకొడుకే కాదన్నాడు. గీతకు తలకిందుల గీత ఇది.

అనపోతు ఘట్టం నాకు అన్నిటికన్నా లోతుగా తోస్తుంది. సైంధవుడు వ్యూహద్వారం దగ్గర అడ్డుపడబట్టి అభిమన్యుడు ఒంటరయ్యాడు. బాలచంద్రుడు తన ప్రాణమిత్రుణ్ని తానే ఆపాడు. అనపోతు బ్రాహ్మణుడు, యుద్ధంలోకి తీసుకెళ్లకూడదని ఏదో వస్తువు మరిచిపోయానంటూ వెనక్కి పంపి తను ముందుకెళ్లిపోయాడు. సంగతి తెలిసి అనపోతు ప్రాణం తీసుకున్నాడు. సైంధవుడి పాపానికి మర్నాడు సూర్యాస్తమయంలోగా శిక్ష పడింది. ప్రేమతో చేసిన ఈ మోసానికి శిక్షించేవాడెవడు?

భారతంలో ఎంత వెతికినా జోడు దొరకని మనిషి ఒకడున్నాడు, మాల కన్నమదాసు. బ్రహ్మనాయుడు పెద్దకొడుకుగా పెంచుకున్నవాడు, సేనాపతి. కర్ణుడితో పోల్చబోతే పోలిక తిరగబడుతుంది. కర్ణుడు క్షత్రియుడై పుట్టి సూతుడిగా బతికి, పుట్టుక దాచినందుకు జీవితమంతా అవమానాలు దిగమింగాడు. కన్నమదాసు పుట్టుకను ఎవరూ దాచలేదు, అతని పేరులోనే పెట్టి పాడారు. అన్ని కులాలవాళ్లూ ఒకే చాప మీద కూర్చుని తిన్న చాపకూడు ఈ కథలోదే. వీరవిద్యావంతులు కూడా ఎక్కువమంది మాలలే. కథ చెప్పేవాళ్లు ఎవరన్నది మరిచిపోయి కన్నమదాసును భారతంలో వెతికితే దొరకడు.

ఇక రచయిత సంగతి. కొండవీటి రెడ్ల ఆస్థానంలో విద్యాధికారి అయిన శ్రీనాథుడు పదిహేనో శతాబ్దంలో ఈ కథను ద్విపదలో రాసి మాచర్ల చెన్నకేశవుడికి అంకితమిచ్చాడు. అదీ ప్రాస నియమం కూడా వదిలేసిన మంజరీ ద్విపద. సీసాలతో రాజసభల్ని ఊపేసిన కవి, పామరులు పాడుకునే బాణీకి దిగివచ్చాడంటే నమ్మనివాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అక్కిరాజు ఉమాకాంతం 1911లో దాన్ని అచ్చు వేయించాక ఆ వాదం ఇంకా పెరిగింది. నేను నమ్మేవాళ్ల పక్షం. శైలిని పట్టి కాదు, కృష్ణుణ్ని పట్టి. శ్రీనాథుడి పేర నాలుకల మీద ఆడే చాటువుల్లో పల్నాటి మీద విసుర్లు ఎన్నో ఉన్నాయి. రాళ్లు, నీళ్ల కరువు, జొన్నకూడు దేన్నీ వదలలేదు. వాటిలో ఒకటి కృష్ణుడికే సవాలు: పూతన విషం తాగానని, కార్చిచ్చు మింగానని గొప్పలు పోతావు కదా, చింతాకు వేసిన బచ్చలి కూరతో ఇక్కడి జొన్నకూడు ఒక్క ముద్ద మింగు, నీ పస తెలుస్తుంది అని. వెక్కిరింతకు ఒకసారి, వీరగాథకు ఒకసారి, ఒకే కవి కృష్ణుణ్ని పల్నాటికి రప్పించాడన్నమాట. జొన్నకూడు ముందు కూర్చోబెట్టిన దేవుణ్నే కోడిపందెం బరిలోనూ నిలబెట్టాడు. రెండుచోట్లా ఆ దేవుడికి గెలుపు తేలిక కాదు.

ఇంకో ఆనవాలు క్రీడాభిరామంలో ఉంది. కాకతీయుల నాటి ఓరుగల్లు వీధుల్లో టిట్టిభసెట్టి, గోవింద మంచనశర్మ అనే ఇద్దరు మిత్రులు షికారు తిరుగుతూ కనిపించినవన్నీ చెప్పుకుంటారు. ఒకచోట ఒక స్త్రీ వేగమైన తాళంతో పల్నాటి వీరుల్ని ద్విపదలో పాడుతుంటుంది. పుస్తకం మీద కర్త పేరు వినుకొండ వల్లభరాయడు. వేటూరి ప్రభాకరశాస్త్రి మాత్రం అది శ్రీనాథుడి చేతి పనేనని వాదించారు. ఆయన మాటే నిజమైతే, ఒక కథ రాసినవాడే ఇంకో కథలో నడివీధిలో ఆ కథను పాడించి చూపించాడన్నమాట. ఈనాటి సీరియల్ రచయితలు చేసే చిలిపి పని అదే కదా! వల్లభరాయడిదే అనుకున్నా నష్టం లేదు. శ్రీనాథుడు కలం పట్టకముందే ఈ కథ ద్విపదగా ఆడవాళ్ల నోటి మీద ఉండేదని ఆ రంగం చెబుతోంది.

పల్నాటి కథ వెనక భారతాన్ని వినిపించే ఈ కిటుకు సినిమావాళ్లకూ బాగా తెలుసు. 1947 నాటి ‘పల్నాటి యుద్ధం’లో నాగమ్మ కన్నాంబ, బాలచంద్రుడు అక్కినేని. 1966లో మళ్లీ తీసినప్పుడు బ్రహ్మనాయుడి వేషం ఎన్టీ రామారావుకిచ్చారు. ‘మాయాబజార్’ వచ్చి అప్పటికి తొమ్మిదేళ్లు, ఆ మొహంలో జనానికి కృష్ణుడు తప్ప ఇంకెవరూ కనపడని కాలం. ఎదురుగా నాగమ్మ భానుమతి. ఇక పోలిక చెప్పడానికి ఒక్క డైలాగైనా అక్కర్లేదు.

కథ ముగింపు కూడా భారతాన్ని తలకిందులు చేస్తుంది. అభిమన్యుడు పోయినా ఉత్తర కడుపులో పరీక్షిత్తు ఉన్నాడు, వంశం నిలిచింది. బాలచంద్రుడు, మాంచాలల తర్వాత ఎవరూ లేరు. గెలిచిన బ్రహ్మనాయుడు ఓడిన నలగామరాజునే గద్దె మీద కూర్చోబెట్టి, నాగమ్మను ప్రాణాలతో వదిలేసి, గుత్తికొండ బిలంలోకి వెళ్లిపోయాడట. అంత నెత్తురు పారాక రాజ్యం మొదట ఎవరిదో చివరికి వాళ్లదే అయింది. ‘ధర్మం జయించింది’ అని చెప్పి మంగళం పాడే అవకాశం కథకుడు తనకు తానే లేకుండా చేసుకున్నాడు. ఈ ధైర్యం మన కావ్యాల్లో అరుదు.

అమెరికా నుంచి వచ్చిన జీన్ రోగెయిర్ 1974లో అలిసెట్టి గాలెయ్య పాడగా ఈ కథను రికార్డు చేసి, దాని ఇంగ్లీషు అనువాదాన్ని 1982లో ఆక్స్‌ఫర్డ్ ప్రచురణగా తెచ్చారు. కావ్యంగా మనం చదివేది ఒక్క బాలచంద్ర యుద్ధమే. పాడేవాళ్లకు తెలిసిన కథ దానికి ఎన్నో రెట్లు పెద్దది. తిక్కన ఉద్యోగపర్వం పాఠం చెప్పే తరగతిలో అలరాజు రాయబారం ఒక్క పూట వినిపిస్తే రెండూ బాగా అర్థమవుతాయి.

కారెంపూడిలో ఏటా కార్తీక అమావాస్యకు వీరుల ఆరాధన మొదలై అయిదు రోజులు సాగుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు, ఇదీ వరస. వీరుల ఆయుధాలను కొలుపుతో వీరుల గుడికి తెస్తారు, వాటికే పూజ. వరస కాస్త గమనించండి. కథలో ముందు కోడిపోరు, తర్వాత మందల మీద దాడి, ఆపైన రాయబారం. ఉత్సవంలో ఆ మూడూ వెనక నుంచి ముందుకు నడుస్తాయి. ఏం జరగబోతోందో అందరికీ తెలిసిన చోట, ఎక్కడ మొదలైందో చివర చూపించడమే సరైన పద్ధతేమో. నరసరావుపేట మీదుగానైనా, మాచర్ల వైపు నుంచైనా దారి ఉంది. ఒక్క రోజే వీలయ్యేవాళ్లు రెండో రోజు వెళ్లండి, రాయబారం ఆ రోజే.