సామెతల గ్రంథము: శిశుశిక్షణము, దరిద్రులయెడ న్యాయము

పాతనిబంధనలోని సామెతల గ్రంథము కడప మండలమునకు క్రొత్తది గాదు. లండను మిషనరీ సంఘము 1822లో కడపలో పని నారంభించెను. తరువాతి కాలమున జమ్మలమడుగు ఆ సంఘమునకు ముఖ్యస్థానములలో నొకటి యైనది. ఈ మండలమున క్రైస్తవులైనవారిలో పెక్కుమంది కూలి చేసికొని బ్రతుకు దళితులు. నేడు ప్రొద్దుటూరు, పులివెందుల ప్రాంతములలోను ఈ గ్రంథమునకు పాఠకులు కలరు. కాని బిడ్డల పెంపకమునుగూర్చి దీనిని స్మరించునపుడు బెత్తము మాటయే ముందునకు వచ్చుచున్నది. దరిద్రుల ప్రసక్తి వచ్చినచో సోమరితనమును నిందించు వాక్యములే వినవచ్చుచున్నవి. ఈ రెండు స్మరణలును గ్రంథమునకు న్యాయము చేయుటలేదని మా అభిప్రాయము.

ఇట్టి పఠనమునకు మన సాహిత్యాభ్యాసమే కొంత కారణము. వేమన పద్యములు, సుమతీ శతకము నోటికి వచ్చినవారు నీతివాక్యమును ముక్తకముగా గ్రహింతురు. ఏ పద్యమున కా పద్యమే పూర్ణము; ముందువెనుకలు చూడ నక్కఱలేదు. దుర్భాక రాజశేఖర శతావధాని, గడియారం వేంకటశేషశాస్త్రి వంటి అవధానులు నివసించిన ప్రొద్దుటూరులో పద్యమును విడిగా విని విడిగా మెచ్చుకొనుట అలవాటైన విద్య. ఆ అలవాటుతోనే సామెతల గ్రంథమును చదువుదుము. అందు వచనముల పొరుగును గమనింపము.

మొదట మాటల విషయము. 13వ అధ్యాయము 24వ వచనమున తెలుగు అనువాదకులు బెత్తము, శిక్షించుట అను పదములను వాడిరి. హీబ్రూలోని 'మూసార్' అను మాటకు ఉపదేశము, దిద్దుబాటు, దండనము అను మూడర్థములును కలవు. సంస్కృతమున 'శిక్ష' విద్యయే. నేటి తెలుగువాడుకలో అది దండనముగా సంకోచించినది. అనువాదము తప్పు గాదు. కాలము మాటను మార్చినది. మఱియు బెత్తమని యిచ్చట అనువదింపబడిన హీబ్రూపదమే 23వ కీర్తనలో కాపరి చేతి దుడ్డుకఱ్ఱ యైనది. దుడ్డుకఱ్ఱ మందను కాచును. బెత్తము వీధిబడి పంతులను తలపునకు తెచ్చును. అయితే మూలమున దెబ్బ ప్రసక్తియే లేదని మేము వాదింపము. 23వ అధ్యాయమున అది స్పష్టముగనే యున్నది. బడిలో పిల్లలను కొట్టుటను 2009 నాటి విద్యాహక్కు చట్టము నిషేధించినది. ఆ వాక్యమును నేటి ఆచారమునకు ప్రమాణముగా చూపుట తగదు.

ఇక పొరుగు వచనములు. బెత్తము మాటకు సరిగా ముందున్న 13:23లో దరిద్రుడు దున్నిన క్రొత్త నేల సమృద్ధిగా పండునని, అన్యాయముచే ఆ ఫలము పోవునని భావము. బీడు విరిచి మెట్టసేద్యము చేయు పులివెందుల రైతున కీ మాటకు వ్యాఖ్యానము వలదు. దారిద్ర్యమునకు సోమరితనమే కారణమను వాదమును గ్రంథమే యిచ్చట సవరించుచున్నది. 22:6లో బాలుని నడువవలసిన త్రోవకు అలవాటు చేయుమన్నది. 22:7లో అప్పు చేసినవాడు అప్పిచ్చినవానికి దాసుడన్నది. 22:15లో మరల బెత్తము. 22:16లో దరిద్రుని పీడించువానికి హెచ్చరిక. 23:10, 11లలో తండ్రిలేని బిడ్డల పొలమున చొరబడరాదని నిషేధము; వెంటనే 13, 14లలో మరల బెత్తము. గెనిమ జరిపి అనాథ పొలమును కలుపుకొన్న తండ్రి తన కొడుకునకు నేర్పు పాఠ మెట్టిదో ఈ పొరుగే చెప్పుచున్నది.

ఇది సంకలనకర్త యాదృచ్ఛికముగా చేర్చినది కారాదా యని ఆక్షేపింపవచ్చును. గ్రంథము పెక్కు సంపుటముల కూర్పన్నది నిజమే. 22:17 నుండి వచ్చు భాగమునకును, 1923లో ప్రకటితమైన ఆమెనెమోపే అను ఈజిప్టు నీతిగ్రంథమునకును గల పోలిక విద్వాంసు లెఱిగినదే. అందును దరిద్రుని దోచుకొనరాదను బోధ తండ్రి కొడుకునకు చేసిన ఉపదేశముగనే యున్నది. కావున ఈ కలయిక ప్రాచీనమైన సంప్రదాయము.

పొరుగును బట్టి చేయునది ఊహయే. కాని 31వ అధ్యాయమున ఊహతో పనిలేదు. రాజైన లెమూయేలునకు తల్లి చేసిన బోధ అచ్చట కలదు. నోరులేనివారి పక్షమున నోరు తెఱువుమని, దీనులకు న్యాయము తీర్చుమని ఆమె చెప్పినది. తరువాత వచ్చు గుణవతి వర్ణనయే ప్రసిద్ధమై ఈ తొమ్మిది వచనములు మఱుగుపడినవి. పెంపకమునకు ఫలమేమి యన్న ప్రశ్నకు గ్రంథ మిచ్చిన సమాధాన మిదియే: పెరిగిన బిడ్డ బలహీనునియెడ న్యాయముగా నుండుట.

గ్రంథమునకు లోపము లేకపోలేదు. ఇందు మాటలాడునది కలిగినయింటి తండ్రి, వినునది వారసుడు. దరిద్రుని నోట పలికించిన వాక్యము లరుదు. కాని జమ్మలమడుగు పల్లెలో కూలివాని బిడ్డ దీనిని చదివినపుడు, వారసునకు చెప్పిన హెచ్చరిక ఆ బిడ్డ చేతిలో హక్కుపత్ర మగుచున్నది. దొంగత్రాసును నిందించు 11:1 వచనము ప్రొద్దుటూరు బంగారపు అంగళ్లలో అమ్మువానికి నీతి, కొనువానికి అండ. ఈ రెండవ పఠనమును మన విమర్శకు లింకను పట్టించుకొనవలసి యున్నది. బెత్తము వచనమును ఉదాహరించువారు దాని పైనున్న వచనమునుగూడ చదువుట అందులకు తొలిమెట్టు.