ముఖం గీయని మనిషి

1940లో మొదలైన టామ్ అండ్ జెర్రీ కార్టూన్లలో ఇంటిపని చేసే నల్లజాతి స్త్రీ, మామీ టూ షూస్. చీపురు, ఏప్రన్, లావుపాటి కాళ్లు, జారిన మేజోళ్లు. ముఖం దాదాపు కనబడదు. పిల్లి ఎత్తు నుంచి చూస్తున్నాం కదా అన్న సమర్థన నాకు మింగుడు పడదు. ఎలుక కనురెప్పలు సైతం ఓపిగ్గా గీసిన చేతులవి! ఆ ఇంటిని గడగడలాడించిన గొంతు నల్లజాతి నటి లిలియన్ రాండాల్ఫ్‌ది. తెరమీద ఆమె పేరూ వేయలేదు.

ఈ మూస చిత్రణపై నల్లజాతీయుల హక్కుల సంస్థ ఎన్.ఎ.ఎ.సి.పి. అభ్యంతరం చెప్పింది. 1952 తర్వాత పాత్రే మాయమైంది. 1960లలో టీవీ కోసం కొన్ని పాత కార్టూన్లలో ఆమె స్థానంలో తెల్ల స్త్రీని గీశారు. తప్పుబట్టింది చిత్రణని, తీసేసింది మనిషిని. కొత్త బొమ్మకి ఐరిష్ యాసలో జూన్ ఫోరే మాట్లాడింది. రాండాల్ఫ్ గొంతునీ చెరిపేశారు.