సభయందు పరిశోధనపత్రము

విశ్వవిద్యాలయ గోష్ఠులలో చదువబడు పత్రములను మేము చిరకాలముగా వినుచున్నాము. వానియందలి లోపము విషయదారిద్ర్యము కాదు. చెప్పదగిన క్రొత్తమాట ఒకటి పెక్కింట ఉండనే యుండును. అది శ్రోతలకు చేరదు.

ఒక గోష్ఠిలో ఒక యువపరిశోధకుడు నన్నయకు పూర్వపు పద్యరచనను గూర్చి ప్రసంగించెను. ఇరువది నిమిషముల వ్యవధిలో పదునైదు శాతవాహనులతోను, గాథాసప్తశతితోను, కృతజ్ఞతలతోను గడచినవి. క్రీ.శ. 848 నాటి పండరంగని అద్దంకి శాసనము ప్రసక్తికి వచ్చుసరికి గంట మ్రోగెను. అందలి తరువోజను ఊపిరి తీయక చదివి అతడు కూర్చుండెను. సభ కరతాళధ్వనులు చేసినది. ప్రశ్న ఒక్కటియు రాలేదు.

తరువోజ పాదమనగా ద్విపద పాదములు రెండింటి కూడిక: మూడు ఇంద్రగణములు, ఒక సూర్యగణము, మరల మూడు, ఒకటి. మొదటి గణాద్యక్షరమునకు మూడు, ఐదు, ఏడవ గణముల మొదట యతి. ఇంతటి కట్టడమును పరుగుపఠనములో ఏ చెవి పట్టగలదు? చదువరి పుట వెనుకకు త్రిప్పుకొనును; శ్రోతకు ఆ వీలు లేదు. ఒక్క పాదమును నల్లబల్లపై వ్రాసి, గణములు విడదీసి, యతిస్థానములకు గీతలు గీచి, నిలిపి చదివియుండిన, నన్నయకు సుమారు రెండు శతాబ్దుల ముందే ఇట్టి ఛందస్సు శిలకెక్కినదని సభ తానే కనుగొనియుండెడిది. (నేడు తెరపై చూపు యంత్రములును కలవు. కాని వ్యాసమంతయు తెరకెక్కించి, సభకు వీపు చూపి దానినే చదువువారు ఎక్కువైరి.)

అతని వ్రాతప్రతిని తరువాత చూచితిమి. శాసనమున పద్యమున్నంతమాత్రమున నాడు కావ్యములుండెనని చెప్పవచ్చునా యను సందేహము ఒక పాదసూచికలో దాగియున్నది. సభలోనో, కావ్యములుండెనని అతడు నిస్సంశయముగా పలికెను! పదవ శతాబ్ది నాటి జినవల్లభుని కుర్క్యాల శాసనమునందలి కందములను అద్దంకి తరువోజ ప్రక్కన నిలిపినచో, పద్యము ఒక్క తావున, ఒక్క ఛందస్సున కలిగిన ఆకస్మికము కాదని తేలును. కావ్యము మాట అప్పటికిని తేలదు. చర్చకు తగినది ఆ తేలని భాగమే; దానినే అతడు సభకు చూపడయ్యెను.

అచ్చునకు ఇచ్చునప్పుడైనను ఆ సందేహమును పాదసూచికనుండి పైకి తెమ్మని అతనితో అంటిమి. స్థలము చాలదేమోనని అతడు శంకించెను. శాతవాహనులను తీసివేసిన చాలునని చెప్పితిమి.