ఆలయం కాని గ్రంథాలయం: వర్గల్ నుంచి కొన్ని ప్రశ్నలు

వర్గల్ అనగానే అందరికీ సరస్వతి గుడే గుర్తొస్తుంది. ఎక్కడెక్కడి నుంచో చంటిపిల్లల్ని ఎత్తుకొని వస్తారు, పలకా బలపం కొంటారు, బియ్యంలో వేలు పట్టి అక్షరాలు దిద్దిస్తారు. పురాతనమైన గుడేం కాదు, మన కళ్లముందు గుట్ట మీద లేచిన గుడి. అదే వర్గల్‌లో నవోదయ విద్యాలయం కూడా ఉంది. ప్రవేశపరీక్ష గెలిచిన పల్లె పిల్లలకు అక్కడ హాస్టలు, ల్యాబు, పుస్తకాలు దొరుకుతయి. ఒకటి అక్షరాన్ని దేవత చేతుల పెట్టింది, ఇంకొకటి పరీక్ష చేతుల పెట్టింది. నవోదయ మీద మాకు కోపం లేదు. ఆ గేటు దాటి పైకొచ్చిన వాడ పిల్లలున్నారు. మేము అడిగేది ఆ గేటు దాటనోళ్ల గురించి. పొద్దంతా కూలిచేసి ఇంటికొచ్చిన నలభై ఏళ్ల మనిషి, ఎవరికీ దండం పెట్టకుండా, ఏ పరీక్షా రాయకుండా, కూసోని పేపరు చదివి, పక్కనున్నోడితో వాదం పెట్టుకునే జాగ ఏది? పౌర గ్రంథాలయం అంటే అసలు అర్థం అదే. తెలుగు సమాజం ఆ అర్థాన్ని ఏం చేసిందో చూడాలె.

'గ్రంథాలయం' అన్న మాటలోనే ఆలయం ఉంది. ఆలయమంటే ఇల్లు అని నిఘంటువు చెప్తది, కాదనం. కాని వాడుకలో ఆలయమంటే గుడే, గుడి అంటే మా తాతలు బయట నిలబడ్డ చోటే. ఆ సంస్థలకు పెట్టుకున్న పేర్లు చూడండి. హైదరాబాదులో 1901లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం. హనుమకొండలో 1904లో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం. వేటపాలెంలో 1918లో సారస్వత నికేతనం. రాజులు, భాష, సరస్వతి. పేర్లలో తప్పు పట్టి ఆ కృషిని కొట్టేయడం మా ఉద్దేశం కాదు. నిజాం రాజ్యంలో తెలుగు మాట్లాడడమే నామోషీ అయిన రోజులవి. 1921లో హైదరాబాదు సంఘ సంస్కార సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గేలిచేసి కూర్చోబెట్టారు. ఆ అవమానం నుంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. గ్రంథాలయాలు, పఠన మందిరాలు పెట్టడం దాని పనుల్లో ముఖ్యమైంది. సభ పెట్టాలంటే గస్తీ నిషాన్ 53 కింద ముందుగా అనుమతి తీసుకోవలసిన రాజ్యంలో, పేపరు చదివే గదే రాజకీయాల గది అయింది. ఒకప్పటి మా మెదక్ జిల్లాలోని జోగిపేటలో 1930లో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదటి ఆంధ్ర మహాసభ జరిగిందంటే, దాని వెనక ఈ గదుల పాత్ర ఉంది.

ఇదంతా మన పాఠ్యపుస్తకాల్లో ఉంది. మా అభ్యంతరం ఆ చరిత్ర ఎక్కడ ఆగిపోయిందన్న దాని మీద. భాషా నిలయం పుట్టిన అయిదేళ్లకే, 1906లో, అదే నగరంలో మాదరి భాగయ్య అనే మాల యువకుడు - తరవాత భాగ్యరెడ్డి వర్మ - జగన్మిత్ర మండలి పెట్టాడు. చదువురాని జనానికి హరికథల ద్వారా విషయాలు చెప్పించాడు. వాడ పిల్లలకు బడులు తెరిచాడు. అది అక్షరోద్యమం కాదా? పౌర జీవితాన్ని కట్టే పని కాదా? అయినా గ్రంథాలయోద్యమ చరిత్ర ఒక అధ్యాయం, 'హరిజనోద్ధరణ' ఇంకో అధ్యాయం. ఒకే ఊళ్లో, ఒకే కాలంలో జరిగిన రెండు పనుల మధ్య చరిత్రకారులు ఊరికీ వాడకూ మధ్య ఉన్నంత దూరం పెట్టారు.

కోస్తాలోనూ ఇదే కథ. అయ్యంకి వెంకటరమణయ్య చొరవతో 1914లో బెజవాడలో గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగింది. గ్రంథాలయ చరిత్రలో బెజవాడంటే ఆ సభే. మూడేళ్లకు, 1917లో, అదే బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన పంచమ మహాజన సభ జరిగింది. పంచములమని కాదు, ఆది ఆంధ్రులమని చెప్పుకున్న సభ అది. ఆ రోజుల్లో కనకదుర్గ గుడి తలుపులు మూసేశారని దళిత చరిత్రకారులు రాశారు. గుడి తలుపు మూసింది సరే, మరి గ్రంథాలయం తలుపు? మూసినట్టు ఎక్కడా రాయలేదు. తెరిచినట్టూ రాయలేదు. మూయవలసిన అవసరమే రాలేదు - లోపలికి వచ్చేటోళ్లెవరో ముందే తేలిపోయింది కాబట్టి.

ఈ లెక్కకు లొంగని మనుషులూ ఉన్నారు. వట్టికోట ఆళ్వారుస్వామి ఇళ్లల్లో వంటచేసి బతికినవాడు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు మోసుకొని ఊరూరా తిరిగి అమ్మాడు. చదివేటోడు పుస్తకం దగ్గరికి రావాలన్న పద్ధతిని ఆయన తిరగేసిండు. మా దృష్టిలో తెలంగాణ గ్రంథాలయోద్యమంలో అన్నిటికన్నా ప్రజాస్వామికమైన ఘట్టం ఇదే. దాని మీద రాసింది మాత్రం తక్కువ.

స్వతంత్రం తరవాత మాట మారింది. రాజ్యాంగం 15(2) అధికరణ బావులు, చెరువులు, రోడ్లతో పాటు ప్రభుత్వ సొమ్ముతో నడిచే ప్రజల చోట్లన్నిటినీ అందరివీ చేసింది. 1927లో మహద్ చెరువు నీళ్లు ముట్టుకోవడానికి అంబేద్కర్ జనాన్ని వెంటేసుకొని నడవాల్సి వచ్చిన దేశం ఇది. 'పబ్లిక్' అన్న బోర్డు ఉన్నంత మాత్రాన మాదైపోదని ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? మన దగ్గర 1960 పౌర గ్రంథాలయాల చట్టం వచ్చింది, జిల్లా గ్రంథాలయ సంస్థలు వచ్చినయి. ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సుంకం. అయిదు వందల పన్ను కట్టే రేకుల ఇల్లు నలభై రూపాయలు లైబ్రరీకి ఇస్తున్నదన్న మాట. లైబ్రరీ గడప ఎన్నడూ తొక్కని మాదిగ ముసలామె కూడా దాని పోషకురాలే. దాతల పేర్లు చెక్కిన పాలరాతి పలకల మీద ఆమె పేరు ఉండదు. ఇంటి పన్నుతో పాటు వసూలైన సుంకం గ్రంథాలయ సంస్థకు సక్రమంగా చేరదన్నది పాత ఫిర్యాదు. సంస్థ చైర్మన్ పదవేమో ప్రభుత్వం నామినేట్ చేసే రాజకీయ పదవి. సుంకం కట్టే పాఠకుడు ఆ చైర్మన్‌ని ఎన్నుకోడు, దించలేడు.

మా సంగతి ఒకటి చెప్పాలె. ఏడో తరగతిలో ఉన్నప్పుడు ఒక శాఖా గ్రంథాలయానికి పోయినం. ఊరి పేరు ఎందుకులే. అక్కడి మనిషి కొట్టలేదు, తిట్టలేదు. తల ఎత్తి, "ఎవలింటి పోరనివిరా?" అన్నడు. అంతే. పేపర్ల బల్ల దగ్గర అప్పటికే కూసున్న పెద్దమనుషులు మా జవాబు కోసం చూస్తున్నరు. మేము జవాబు చెప్పకుండానే బయటికొచ్చినం. మళ్లా లైబ్రరీలో కాలు పెట్టింది డిగ్రీలో. అంటరానితనం నిషేధమని చెప్పే 17వ అధికరణ ఆ ప్రశ్నను పట్టుకోలేదు. ప్రశ్న అడగడం నేరం కాదు కదా.

అందుకే మా తరం చదువు ఎక్కువగా లైబ్రరీ బయటే జరిగింది. 1985 కారంచేడు, 1991 చుండూరు తరవాత వాడవాడకూ లేచిన అంబేద్కర్ సంఘాల గదుల్లో, హాస్టల్ బల్లల మీద, చేతులు మారి అట్టలూడిన పుస్తకాల్లో జరిగింది. 'చిక్కనవుతున్న పాట' 1995లో వస్తే కొన్నోళ్లు తక్కువ, చదివినోళ్లు ఎక్కువ. అంతకు ముందు నుంచే చిందోళ్లు జాంబపురాణం ఆడి మా పుట్టుపూర్వోత్తరాలు మాకు చెప్పిండ్రు. అచ్చు కాలేదు కాబట్టి గ్రంథాలయం లెక్కలో అది జ్ఞానం కాదు.

ఇవాళ లైబ్రరీలు ఖాళీగా లేవు. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి పోతే కుర్చీ దొరకదు. అందరూ గ్రూప్స్ చదివేటోళ్లే, పుస్తకాలు కూడా ఎవరివి వాళ్లు తెచ్చుకుంటరు. లైబ్రరీ స్టడీ హాలు అయిపోయిందని కొందరు మేధావులు విచారిస్తరు. మేము ఆ విచారంలో కలవం. ఇంట్లో బల్ల లేనోడికి బల్ల, ఫ్యాను లేనోడికి ఫ్యాను ఇయ్యడం చిన్న పని కాదు, మేమూ అట్లనే చదివినం. పేపరు లీకై 2023 మార్చిలో గ్రూప్-1 ప్రిలిమ్స్ రద్దయినప్పుడు ఈ చదువరుల కోపాన్ని రాష్ట్రమంతా చూసింది. కాని ఉద్యోగం కోసం చదివేటోడికే బల్ల ఉండి, తన ఊరి లెక్క చదవదలుచుకున్నోడికి లేకపోతే, అది సగం లైబ్రరీయే.

ఆ రెండో సగం ఎందుకో వర్గల్ మండలమే చెప్తది. 2020 జులైలో ఈ మండలంలోనే ఒక దళిత రైతు ప్రాణం తీసుకున్నడు. తన సాగులో ఉన్న జాగను రైతు వేదిక కట్టడానికి తీసుకున్నరన్నది ఆ కుటుంబం ఆరోపణ. రైతు వేదిక అంటే రైతులు కూసోని మాట్లాడుకునే పబ్లిక్ భవనం! లైబ్రరీ ఉంటే ఆయన బతికేటోడని మేము అనం, అట్లా అనడం చావును చులకన చేయడమైతది. కాని అడగాలె: పహాణీ నకలు, 1977 అసైన్డ్ భూముల చట్టం, గ్రామసభ తీర్మానం, 2017 ఎస్సీ ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం కింద ఊరికి వచ్చిన పైసల లెక్క - ఈ కాగితాలను వాడ మనిషి ఎవరి కాళ్లూ పట్టుకోకుండా, తెలుగులో, ఒక్క చోట చూడగలడా? చదవరానోడికి చదివి చెప్పే మనిషి అక్కడ ఉన్నడా? మండల ఆఫీసులో కాగితం ఉంటది, కూసొనే హక్కు ఉండదు. లైబ్రరీలో కూసొనే హక్కు ఉంటది, ఆ కాగితం ఉండదు.

మొన్న ఇంటికి పోయినప్పుడు అమ్మ ట్రంకుపెట్టెలోంచి పన్ను రసీదులు తీసింది. ఆమెకు చదవరాదు, ఒక్కటి కూడా పారేయలేదు. ఇంటి పన్ను, నీటి పన్ను, గ్రంథాలయ సుంకం అని వరసగా చదివి చెప్పినం. "గదేం సుంకం?" అన్నది. చెప్పినం. కొంచెంసేపు ఊకుంది. తరవాత, "ఇన్నేండ్ల సంది కడుతున్న గదా, గది యాడున్నదో సూపియ్యి, ఓపాలి పోయొస్త" అన్నది. రేపు పోతున్నం.