కుర్చీలు గుండ్రంగా వేసినంత మాత్రాన

పోయిన ఆదివారం ఒక సాహితీ మిత్రబృందం నన్ను పిలిచింది. ఆహ్వానం చూడగానే ప్రాణం లేచొచ్చింది. వేదిక లేదు, అధ్యక్షులు లేరు, ముఖ్య అతిథి లేరు, శాలువాలు అసలే లేవు. వచ్చినవాళ్లంతా వక్తలే, ఏం మాట్లాడుకోవాలో అక్కడే తేల్చుకుందాం అని రాశారు. శాలువాతో నాకున్న పాత పగ ఈ కాలమ్ చదివేవాళ్లకు తెలిసిందే. జ్యోతి ప్రజ్వలనకు అగ్గిపెట్టె దొరక్క పావుగంట, పెద్దల్ని వేదిక మీదికి పిలవడానికి అరగంట, ఆపైన సమయాభావం పేరుతో అసలు వక్తకు ఐదు నిమిషాలు. ఈ తంతు గురించి రాసీ రాసీ కొందరు నిర్వాహకుల ఫోన్లకు దూరమయ్యాను కూడా. అదొక సుఖం.

ఉత్సాహంగా వెళ్లాను. కుర్చీలు గుండ్రంగా వేసి ఉన్నాయి. ఓ ఇరవై మంది ఉంటాం. ‘ఎవరైనా మొదలుపెట్టొచ్చు’ అన్నారు పిలిచినాయన. అందరం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. అప్పుడు రిటైర్డ్ లెక్చరర్ గారొకరు గొంతు సవరించుకున్నారు. ఆయన ఆపేసరికి టీ వచ్చింది. టీ తర్వాత, కథల్లో మాండలికం దగ్గర మొదలైన మాట వాట్సాప్ గ్రూపుల మీదికి, అక్కణ్నుంచి పిల్లలకు తెలుగు రావడం లేదన్న బాధ మీదికి పోయింది. మన దగ్గర ఏ చర్చయినా చివరికి అక్కడికే పోతుంది లెండి. మొత్తం మీద మాట్లాడింది నలుగురు. నా పక్కన కూర్చున్న అమ్మాయి ఒక కథ రాసుకుని తెచ్చింది. నోట్‌బుక్కులో ఆ పేజీ దగ్గర వేలు పెట్టుకుని, ఎవరైనా ఊపిరి తీసుకోవడానికి ఆగితే అందుకుందామని ముందుకు వంగడం, మళ్లీ వెనక్కి జరగడం. చివరికి వేలు తీసేసి, బస్సు టైమైందని చెప్పి వెళ్లిపోయింది.

రాత్రి పిలిచినాయన ఫోన్ చేశారు. ‘ఎంత సహజంగా జరిగిందో చూశారా, ముందుగా మేం ఏమీ అనుకోలేదండీ’ అన్నారు. అనుకోలేదని నాకూ అర్థమైంది.

అప్పుడు మా పిన్ని గుర్తుకొచ్చింది. ఆమెది నెల్లూరు జిల్లాలో కలిగిరి వైపు పల్లె. సారా వ్యతిరేక ఉద్యమం అనగానే అందరూ చెప్పుకునే దూబగుంట ఆ మండలంలోదే. సారా గొడవల తర్వాత ఆ జిల్లాలో ఆడవాళ్లు రోజుకో రూపాయి దాచుకోవడం మొదలుపెట్టారు. పొదుపు లక్ష్మి అన్నారు దాన్ని. నేను కాలేజీ సెలవులకు వెళ్లే నాటికి పిన్ని వాళ్ల సంఘంలో రెండో లీడరు. మీటింగు వాళ్ల వరండాలోనే. ‘ఆడోళ్ల మీటింగులో నీకేం పని రా అబ్బయ్యా, లోపలికి పో’ అని తరిమేది. నేను లోపలి కిటికీ దగ్గర చేరేవాణ్ని.

పైకి చూస్తే అది ఉత్త ముచ్చట్లలాగే ఉండేది. చాప మీద పది పన్నెండు మంది గుండ్రంగా కూర్చునేవాళ్లు. వేదిక లేదు, వక్త లేదు. ఒకామె బియ్యంలో రాళ్లు ఏరుతుంటుంది, ఒకామె ఒళ్లో బిడ్డ. అయితే దానికి ముందురోజు సాయంత్రం ఒక మీటింగు జరిగేది. దాన్ని మీటింగని ఎవరూ అనరు. పిన్ని మజ్జిగ తోడుకో, జల్లెడకో వెళ్తున్నట్టు ఇల్లిల్లూ తిరిగేది. ఈ నెల అప్పు ఎవరికి కావాలి, వాయిదా ఎవరు కట్టలేకపోతున్నారు, ఎవరికెవరికి మాటల్లేవు, అన్నీ కనుక్కుని వచ్చేది. అడగడానికి మొహమాటపడే మనిషి ఉంటే ‘నీ మాట నేనెత్తను. నువ్వే అడగాల. ఏమని అడుగుతావో ఇప్పుడు నాకు చెప్పు’ అనేది. ఆమె చెప్పేది, పిన్ని వినేది, అంతే. అదే రాత్రి, పదో తరగతి దాకా చదివిన ఒక కోడలు పిల్ల పుస్తకంలో స్కేలు పెట్టి గళ్లు గీసుకునేది. డబ్బుల పెట్టె ఒకరింట్లో ఉంటే తాళంచెవి ఇంకొకరింట్లో.

మీటింగు మొదలవగానే హాజరు, ఆ తర్వాత పోయినసారి తీర్మానాలు గట్టిగా చదవడం, ఆ పైన పొదుపు. ఒక్కొక్కరూ చాప మధ్యలో నోటు పెట్టి ఎంత పెట్టిందీ పైకి చెప్పాలి. తర్వాత వాయిదాలు, చివర కొత్త అప్పులు. ఒకసారి ఇద్దరు అప్పు అడిగారు. ఒకామెకు బర్రె కొనడానికి, ఇంకొకామెకు కొడుకు హాస్టలు ఫీజుకి. పెట్టెలో ఉన్నది ఒక్కరికే చాలుతుంది. బర్రె కావాలన్నామె కాస్త నోరున్న మనిషి, మొదటి లీడరుకు వదిన వరస కూడా. పిన్ని తన అభిప్రాయం చెప్పలేదు. ‘వరసగా చెప్పండమ్మా’ అని గడప దగ్గర ఒదిగి కూర్చున్న చిన్న కోడలి నుంచి మొదలుపెట్టింది. ఆ పిల్ల తలెత్తకుండానే, బర్రె అమ్మేవాడు నెల ఆగుతాడు, బళ్లోవాళ్లు ఆగరు కదా పెద్దమ్మా అంది. తర్వాత చెప్పినవాళ్లు చాలామంది ఆ మాటే పట్టుకున్నారు. ఫీజుకి ఇప్పుడు, బర్రెకు వచ్చే నెల అని తీర్మానం రాశారు, చదివారు, సంతకాలూ వేలిముద్రలూ పడ్డాయి. పెద్దవాళ్లతో ఎందుకు మొదలుపెట్టలేదని తర్వాత అడిగితే ‘పెద్దామె నోరిప్పినాక ఇంకెవరు చెప్తారబ్బయ్యా? అందరూ అక్క చెప్పినట్టే అంటారు’ అంది.

అన్ని సంఘాలూ ఇలాగే నడిచాయని నేను అనను. మీటింగులు సక్రమంగా జరుగుతున్నాయా, అందరూ వస్తున్నారా అని చూశాకే బ్యాంకులు అప్పిస్తాయి కాబట్టి, జరగని మీటింగులకు సంతకాలు పడ్డ పుస్తకాలూ ఉంటాయి. 1992లో నాబార్డు 500 సంఘాలతో బ్యాంకు లింకేజీ మొదలుపెట్టిన తర్వాత పుస్తకం విలువ పెరిగింది, దాంతోపాటు పుస్తకం కోసం పుస్తకం రాయడమూ పెరిగింది. అయినా సంఘాలకు పెట్టిన పంచసూత్రాల్లో మీటింగు క్రమం తప్పకూడదని, పుస్తకాలు సరిగ్గా ఉండాలని రాసినవాళ్లెవరో గానీ ఆడవాళ్ల మధ్య కూర్చుని చూసిన మనుషులే అయ్యుంటారు.

ఆ మాటకొస్తే సారా ఉద్యమం గురించి కూడా మనం ఒక ఉదయాన ఆడవాళ్లకు కోపమొచ్చి దుకాణం మీద పడ్డట్టు చెప్పుకుంటాం. కోపం ఎప్పటి నుంచో ఉంది. ఉద్యమానికి ముందు అక్షరాస్యత కార్యక్రమం ఉంది. పనులయ్యాక రాత్రిపూట కూర్చోడానికి చోటు, పిలుచుకొచ్చే వలంటీరు, తాగుబోతు మొగుడితో వేగే సీతమ్మ కథ ఉన్న వాచకం ఉన్నాయి. ఆ పాఠాన్ని ఎవరో కూర్చుని, ఏం చదివితే వీళ్లు మాట్లాడతారో ఆలోచించి రాశారు. ఆపైన మాట్లాడింది, కదిలింది, 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చేదాకా వదలనిది ఆడవాళ్లే.

మా మిత్రుల గుండ్రటి కుర్చీల సంగతికొస్తే, అమెరికాలో హారిసన్ ఓవెన్ అని ఒకాయన ఉండేవాడు. ఏడాది పాటు కష్టపడి పెద్ద సదస్సు చేస్తే, వచ్చినవాళ్లు కాఫీ విరామమే అన్నిటికన్నా బాగుందన్నారట. దాంతో 1985లో కాలిఫోర్నియాలోని మాంటెరేలో కార్యక్రమ పత్రం లేకుండా జనాన్ని గుండ్రంగా కూర్చోబెట్టి, ఎవరికి ఏ విషయం కావాలో కాగితం మీద రాసి గోడకు అంటించమన్నాడు. ఓపెన్ స్పేస్ అని దానికి పేరు. మా సాహితీ మిత్రులకు నచ్చింది ఇదే. అయితే అక్కడ కాగితం ఉంది, గోడ ఉంది, ఏ గుంపు ఎప్పుడు ఎక్కడ కూర్చోవాలో రాసిన పట్టీ ఉంది. నేర్చుకునేదీ లేక చెప్పేదీ లేకపోతే లేచి వేరే గుంపులోకి పొమ్మన్న నియమమూ ఉంది. మన లెక్చరర్ గారి ముందు నుంచి అలా లేచి వెళ్లగల ధైర్యం ఎవరికుంది చెప్పండి? దీనికి పదిహేనేళ్ల ముందే జో ఫ్రీమన్ అనే స్త్రీవాది, నాయకుల్లేని సంఘాలను దగ్గర్నుంచి చూసి ఒక సంగతి చెప్పింది. నియమాలు లేవన్న చోట నియమాలు ఉండకపోవు, తెలిసిన కొద్దిమంది దగ్గరే ఉంటాయని. ఆదివారం ఆ కొద్దిమంది నలుగురు.

అందుకని ఆ రాత్రి ఫోన్లో పిలిచినాయనతో చెప్పాను. వేదిక వద్దు, ఆ విషయంలో నేను దిగిరాను. కానీ అధ్యక్షుడు కావాలి. పాత సభల్లో ఆ కుర్చీకి ఉన్న అసలు పని దండ వేయించుకోవడం కాదు, ఇక చాలు అని పెద్దమనిషి మొహం మీద చెప్పడం. ఆ పని పోగొట్టి దండ మిగిల్చాం. వచ్చే నెల ఒకే కథ తీసుకుని, వారం ముందు అందరికీ పంపండి. కొత్తవాళ్లకు ముందురోజు మీరే ఫోన్ చేసి, ఏం చెబుతారో అడిగి వినండి. ఆ నోట్‌బుక్కు అమ్మాయితో మొదలుపెట్టండి, లెక్చరర్ గారు చివర. మనిషికి ఐదు నిమిషాలు, ఆ తర్వాత గంట కొట్టాలి.

ఆయన కాసేపు ఆగి, ‘మీరే కదండీ అధ్యక్షులు వద్దని పదేళ్లుగా రాస్తున్నారు. అధ్యక్షులు మీరే అయితే సరి, గంట కూడా మీరే తెండి’ అన్నారు. మా ఇంట్లో ఉన్నది పూజగంట ఒక్కటే. దాన్ని సాహిత్య సభకు పంపడానికి మా ఆవిడ ససేమిరా అంది. స్టీలు గ్లాసూ చెంచా ఇస్తానంది. గ్లాసు తిరిగి తేవాలట.